ఇంట్లో ఫౌజీలు ఎవరూ లేరు, టెరిటోరియల్ ఆర్మీలో చేరొచ్చా?

ప్రశ్న: నా వయసు 29. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లయింది, రెండేళ్ల పాప. మా వైపు గానీ మా ఆవిడ వైపు గానీ మిలిటరీలో చేసినవాళ్లు ఒక్కరూ లేరు. ఉద్యోగం చేసుకుంటూనే టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరుగా చేరాలని ఉంది. బ్యాక్‌గ్రౌండ్ లేనివాళ్లని అక్కడ తక్కువగా చూస్తారా? ఏడాదికి రెండు నెలలే అంటున్నారు, నిజమేనా? అమ్మ మాత్రం ససేమిరా అంటోంది.

సమాధానం:

నేను 2016లో లెఫ్టినెంట్‌గా చేరాను, ఇప్పుడు కెప్టెన్‌ని. మిగతా రోజుల్లో హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, నాన్నది కిరాణా కొట్టు. మా వంశం మొత్తం మీద ఖాకీ చొక్కా వేసింది ఒక్క పెదనాన్నే, ఆయన ఆర్టీసీ కండక్టరు. కాబట్టి మీరు ఎక్కడ నిలబడి అడుగుతున్నారో నాకు బాగా తెలుసు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇంట్లో ఫౌజీలు లేరన్నది పరీక్షలో అడ్డం రాదు, సెలక్షన్‌లో అడ్డం రాదు, యూనిట్‌లో ఒక ఆరు నెలలు కాస్త ఇబ్బంది పెడుతుంది. అంతే. అసలు లోటు మీకు కాదు, మీ ఇంటివాళ్లకి. మీకు నేర్పడానికి అక్కడ వందమంది ఉంటారు. మీ అమ్మగారికీ మీ ఆవిడకీ నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు. పదేళ్ల తర్వాత వెనక్కి చూసుకుంటే నేను చేసిన తప్పులన్నీ అక్కడే కనిపిస్తున్నాయి.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది, మిలిటరీ మాధవరం అంటారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ అక్కడివాళ్లు ఫౌజులో ఉన్నారు. అలాంటి ఊళ్లో సెలవు రద్దయిందని ఫోనొస్తే పక్కింటి మామ్మ కూడా కంగారు పడదు. మా ఊళ్లో మా అమ్మ ఒక్కతే. ఆ తేడా ఎలా ఉంటుందో కింద చెబుతాను. అంతకుముందు మీరడిగిన లెక్కలు చూద్దాం.

"ఏడాదికి రెండు నెలలు" అన్నది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మొదటి ఏడాదిలో ఒక నెల ప్రాథమిక శిక్షణ ఉంటుంది. ఏటా రెండు నెలల క్యాంపు మొదటి ఏడాది నుంచే మొదలవుతుంది. ఇవి కాక మొదటి రెండేళ్లలోపు డెహ్రాడూన్ ఐఎంఏలో (ఇండియన్ మిలిటరీ అకాడమీ) మూడు నెలల శిక్షణ. కూడుకుని చూడండి, రెండేళ్లలో ఎనిమిది నెలల దాకా తేలుతుంది. ఈ లెక్క ముందే వేసుకోక ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను. నేనూ అందులో ఒకణ్ణే.

ఆ తర్వాత కూడా రెండు నెలలే అని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు. ప్రభుత్వం పిలిస్తే వెళ్లాలి, ఎంతకాలం ఉండమంటే అంతకాలం ఉండాలి. టెరిటోరియల్ ఆర్మీ ఉన్నదే అందుకు. 1948లో చట్టం వచ్చింది, 1949 అక్టోబర్ 9న రాజాజీ గవర్నర్ జనరల్‌గా ఉండగా దీన్ని ప్రారంభించారు. ఇప్పటికీ ఆ రోజునే టీఏ (టెరిటోరియల్ ఆర్మీ) డే చేస్తాం. 1962, 1965, 1971 యుద్ధాల్లో టీఏ యూనిట్లున్నాయి. కశ్మీర్‌లో ఏళ్ల తరబడి ఉన్నాయి. 2019లో అశోక చక్ర వచ్చిన లాన్స్ నాయక్ నజీర్ అహ్మద్ వానీ 162 టీఏ బెటాలియన్ మనిషే. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు వెళ్లినవాళ్లలో కోళికోడ్‌లో ఉండే 122 టీఏ బెటాలియన్ ఉంది. "పార్ట్ టైమ్" అనే మాట విని దీన్ని వీకెండ్ క్లబ్ అనుకోవద్దు.

చుట్టాలు మాత్రం "ధోనీ లాగానా?" అని అడుగుతారు. కాదు. ధోనీకి 2011లో ఇచ్చింది గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా. (2019లో ఆయన కశ్మీర్ వెళ్లి తన బెటాలియన్‌తో రెండు వారాలు డ్యూటీ చేశాడు, అది వేరే సంగతి, దానికి నమస్కారం.) మనలాంటివాళ్లు పోవాల్సింది సచిన్ పైలట్, అనురాగ్ ఠాకూర్ పోయిన దారిలో. వాళ్లిద్దరూ సెలక్షన్ దాటుకునే లెఫ్టినెంట్లుగా చేరారు.

సెలక్షన్ గురించి ఎక్కువ చెప్పను, నోటిఫికేషన్‌లో అంతా ఉంటుంది. డిగ్రీ ఉండాలి, వయసు 18 నుంచి 42 మధ్య ఉండాలి, సొంత సంపాదన ఉండాలి. సొంత సంపాదన అడగడానికి కారణం ఉంది. ఇది మీ బతుకుతెరువు కాకూడదు, మీకు ఇంకో బతుకుతెరువు ఉండాలి. రాతపరీక్షలో రీజనింగ్, లెక్కలు ఒక పేపరు. జనరల్ నాలెడ్జ్, ఇంగ్లీషు ఇంకో పేపరు. ఒక్కోదాంట్లో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. బ్యాంకు పరీక్షలు రాసిన అలవాటుంటే ఇది పెద్ద విషయం కాదు. తర్వాత ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పరీక్షలు), మెడికల్. ఖాళీలే తక్కువ. 2023లోనూ 2025లోనూ 19 చొప్పున వేశారు. 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు తర్వాత ఆడవాళ్లకీ దారి తెరుచుకుంది గానీ 2025లో వాళ్లకి ఇచ్చింది ఒకే ఒక్క పోస్టు. మీరు రైల్వేలోనో ఓఎన్‌జీసీలోనో ఉంటే వాటికి వేరే డిపార్ట్‌మెంటల్ యూనిట్లున్నాయి, మీకు అది వర్తించదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఎస్‌ఎస్‌బీ గురించి ఒక్కటి మాత్రం చెప్పాలి. ఐదు రోజులుంటుంది. 60 మాటలు వరసగా తెర మీద పడుతుంటాయి, ఒక్కోదానికి 15 సెకన్లు, తోచిన వాక్యం రాయాలి. బొమ్మ చూపించి కథ రాయమంటారు. బయట పదిమందిని కలిపి దుంగలూ తాళ్లూ ఇచ్చి అడ్డంకి దాటమంటారు. నాతో వచ్చినవాళ్లలో ఇద్దరు కల్నళ్ల కొడుకులున్నారు. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతున్నారు. ఫోర్కు పట్టుకోవడం దగ్గర్నుంచీ వాళ్లకి అంతా తెలుసు. మొదటి పూట నాకు గుండె జారింది. ఐదో రోజు పేర్లు చదివితే ఆ ఇద్దరూ లేరు. వాళ్లు తక్కువవాళ్లని కాదు, అక్కడ చూసేది వేరు. నన్ను ఇంటర్వ్యూలో నాన్న కొట్టు గురించి పావుగంట అడిగారు. అప్పులు ఎవరికిస్తారు, ఎగ్గొడితే ఏం చేస్తారు, పండగ ముందు సరుకు ఎంత తెప్పించాలో ఎలా లెక్కేస్తారు అని. చిన్నప్పుడు కొట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఏదీ ఆలోచించకుండా చెప్పగలిగాను. చివర్లో అడిగారు: "నువ్వు రెండు నెలలు లేకపోతే నీ ఉద్యోగం ఎవరు చేస్తారు?" దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఏదో చెప్పాను. ఇంటికొచ్చాక తెలిసింది, ఆ ఐదు రోజుల్లో అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ అదే అసలు ప్రశ్న అని.

ఇక మీ మొదటి అనుమానం, తక్కువగా చూస్తారా అన్నది.

చూడరు. కాకపోతే మీరు కొత్త కోడలు. అత్తారింట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో, ఎవరి ముందు కూర్చోవాలో, ఎవరి ముందు నిలబడాలో ఎవరూ పుస్తకంలో రాసివ్వరు. ఫౌజీల పిల్లలకి ఇది పుట్టుకతో వస్తుంది. మనం అక్షింతలు వేయించుకుని నేర్చుకోవాలి.

మొదటి నెల శిక్షణలో నాకు రైఫిల్ నేర్పిన హవల్దారుకి నలభై దాటి ఉంటాయి. మన అలవాటు తెలుసుగా, హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్ని కూడా "సార్" అంటాం. కాస్త పెద్దవాడైతే ఇక చెప్పక్కర్లేదు. ఆయన ఇన్సాస్ రైఫిల్ మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, చాంబర్ చూపించి, నా చేతికిచ్చాడు. నేను "థాంక్యూ సార్" అన్నాను. ఆయన చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. చుట్టూ కూర్చున్న జవాన్లు నేల చూపులు చూశారు. రెండు క్షణాలాగి, ఏమీ విననట్టు రైఫిల్ వెనక్కి తీసుకుని, మ్యాగజైన్ మళ్లీ ఎక్కించి, "సాబ్, దోబారా దేఖియే" అన్నాడు. అదే పాఠం మొదటినుంచి మొదలుపెట్టాడు. నేను ఈసారి నోరు మూసుకున్నాను.

సాయంత్రం సుబేదార్ సాబ్ టీకి పిలిచాడు. స్టీలు గ్లాసులో మసాలా టీ, పక్కన రెండు మఠ్రీలు. చాలాసేపు తెనాలి గురించి, వరి గురించి అడిగాడు. లేచే ముందు, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. ఫౌజులో "సర్" అనే మాట పైకి మాత్రమే పోతుందట. జేసీఓలని (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లని) "సాబ్" అనాలి. హవల్దారుని హోదాతో కలిపి పేరుతో పిలవాలి, నేర్పుతున్నప్పుడైతే "ఉస్తాద్" అనొచ్చు. "మీరు ఆయన్ని సర్ అంటే, పాపం ఆయన మిమ్మల్ని ఏమనాలి సాబ్?" అన్నాడు. మర్యాద చేస్తున్నానని అనుకుని ఒక మనిషిని తన మనుషుల ముందు ఇరకాటంలో పెట్టానని నాకప్పుడు తెలిసింది.

ఇలాంటివి ఇంకా బోలెడు. టోపీ లేకుండా సెల్యూట్ కొట్టకూడదు, సావధాన్‌లో నిలబడి పలకరించాలి. మెస్‌లో సీనియర్ మొదలుపెట్టేదాకా చెంచా ముట్టకూడదు. నా హిందీ సంగతి సరేసరి. మన హైదరాబాదీ హిందీలో కంపెనీ ముందు నిలబడి "మేరెకు" అన్నాను, వెనక వరసలో ఎవడో దగ్గాడు. ఆ దగ్గు దగ్గు కాదు. తర్వాత రెండేళ్లకి మా ఆవిడ రైజింగ్ డే కి (యూనిట్ పుట్టినరోజు వేడుకకి) వచ్చి సీఓ (కమాండింగ్ ఆఫీసర్) గారి భార్యని ఆప్యాయంగా "ఆంటీ" అంది. ఆవిడకి నలభై ఉంటాయేమో. నవ్వేసింది గానీ నాకు చెమటలు పట్టాయి. అక్కడ "మ్యామ్" అంటారు, అంతే. మన ఇళ్లలో ఆంటీ అంటే గౌరవం, అక్కడ వయసు గుర్తుచేయడం.

ఈ విషయాల్లో మిమ్మల్ని కాపాడేది జేసీఓలే. పాతికేళ్ల సర్వీసున్న మనిషి మీకు సెల్యూట్ కొడతాడు, ఎందుకంటే మీ భుజం మీద నక్షత్రాలున్నాయి. ఆ సెల్యూట్ మీకు కాదని ఎంత తొందరగా అర్థమైతే అంత మంచిది. "నాకు తెలియదు సాబ్, చూపించండి" అని అడిగిన కుర్ర ఆఫీసర్ని వాళ్లు ఒక్కసారి కూడా పడిపోనివ్వరు. తెలిసినట్టు నటించినవాణ్ణి మాత్రం పడేదాకా చూస్తారు, మర్యాదగానే.

రెగ్యులర్ ఆఫీసర్లలో కొందరు "టెరియర్" అని ఆటపట్టిస్తారు. పట్టించుకోకండి. బీపీఈటీలో (ఆర్మీ ఫిట్‌నెస్ పరీక్ష) 5 కిలోమీటర్లు వాళ్లతో పాటు పరిగెత్తి, తాడెక్కి, 9 అడుగుల గుంట దూకితే ఆ ఆటపట్టింపు ఆగిపోతుంది. అన్నట్టు, ఏసీ ఆఫీసులో కూర్చునే వాళ్లకి తాడే కష్టం, పరుగు కాదు. ఇప్పట్నుంచే చేతులకి పని చెప్పండి.

డబ్బు సంగతి. డ్యూటీలో ఉన్న రోజులకి రెగ్యులర్ లెఫ్టినెంట్‌కి వచ్చేదే వస్తుంది. ఏడో వేతన సంఘం లెక్కలో లెవెల్ 10, మూల వేతనం 56,100తో మొదలు, పైన మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ, ఇతర అలవెన్సులు. డ్యూటీ లేని నెలల్లో పైసా రాదు. పెన్షన్ మీద ఆశ పెట్టుకోవద్దు, యూనిఫాంలో గడిపిన రోజులన్నీ కలిపి 20 ఏళ్లయితేనే ఆఫీసర్‌కి అది. గచ్చిబౌలిలో మీ జీతం ఎంతో నాకు తెలియదు గానీ, ఇంటి లోను ఈఎంఐ ఉంటే జీతం లేని సెలవు నెలల్లో ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తుందో ఇప్పుడే కాగితం మీద వేసుకోండి. నేను చేరిన ఏడాది ఒక చిట్టీ ఎత్తాల్సి వచ్చింది.

ఆఫీసు విషయంలో నాకు దెబ్బ తగిలింది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇప్పుడున్న కంపెనీ కాదు, అంతకుముందుది. పేరెందుకులెండి. చేరేముందు మేనేజరుకి నోటిమాటగా చెప్పాను, ఆయన "వెరీ గుడ్, దేశసేవ" అని భుజం తట్టాడు. డెహ్రాడూన్ నుంచి వచ్చేసరికి ఆయన వేరే చోటికి మారిపోయాడు. కొత్తాయనకి నేనెవరో తెలియదు. అప్రైజల్ మీటింగులో "మూడు నెలలు ట్రెక్కింగుకి వెళ్లొచ్చావు కదా" అన్నాడు. నిజంగానే అన్నాడు. రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. 1948 చట్టంలోనే, పిలుపు మీద వెళ్లినవాణ్ణి తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని ఉంది. కానీ నన్ను ఎవరూ తీసేయలేదే! ఉద్యోగం అలాగే ఉంది, నా ప్రాజెక్టు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. దానికి ఏ చట్టమూ పనికిరాదు.

అందుకని మీరు చేయాల్సింది ఇది. దరఖాస్తు పెట్టకముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయండి, జవాబు మెయిల్లోనే తీసుకోండి. ఆ రెండు నెలలు జీతంతో కూడిన సెలవా, జీతం లేని సెలవా, సర్వీసు లెక్కలో కలుస్తుందా, ఇన్సూరెన్స్ కొనసాగుతుందా అని విడివిడిగా అడగండి. కంపెనీ నుంచి ఎలాగూ కాగితం కావాల్సి వస్తుంది. మీ సొంత టర్మ్ పాలసీ ఉంటే అందులో మిలిటరీ డ్యూటీ గురించి ఏం రాశారో చూడండి, అక్కడ నోరు తెరిచి అడిగితేనే చెబుతారు. ఇంకో మాట, మన తెలుగువాళ్లం కాబట్టి అడుగుతున్నాను, ఏమనుకోకండి: మనసులో ఎక్కడైనా హెచ్‌ఒన్‌బీ ఉందా? డాలస్‌లో కూర్చుని ఏటా రెండు నెలలు క్యాంపుకి రావడం జరిగే పని కాదు. రెండిట్లో ఒకటి ఎంచుకోండి. ముందే మీ ఆవిడతో కలిసి కూర్చుని ఎంచుకోండి, ఎందుకంటే ఆవిడ ఇప్పటికే ఒకటి ఎంచుకుని ఉండొచ్చు.

ఇప్పుడు అమ్మ సంగతి.

2025 మే 9, శుక్రవారం. ఆపరేషన్ సిందూర్ నడుస్తోంది. టెరిటోరియల్ ఆర్మీని పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కి ఇస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చిందని వార్త బయటికొచ్చింది. మన తెలుగు చానెళ్లలో అది ఎర్రక్షరాలతో "రంగంలోకి టెరిటోరియల్ ఆర్మీ" అయింది. నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. బయటికొచ్చి చూస్తే ఫోనులో ముప్పై దాకా మిస్డ్ కాల్స్. బాబాయి, పిన్ని, ఇంటర్‌లో చదివిన ఫ్రెండు, గ్యాస్ ఏజెన్సీ అబ్బాయి. అమ్మది ఒక్కటీ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న ఆరింటికి ఇంటి ముందు ఆటో దిగింది. రాత్రి రైలుకి జనరల్ బోగీలో కూర్చుని వచ్చేసింది. చేతిలో ఒక సంచీ, అందులో మందులూ రెండు చీరలూ. నాలుగు రోజులుండేలా వచ్చింది.

కూర్చోబెట్టి చెప్పాను. అది మే 6 నాటి ఉత్తర్వు అమ్మా. అవసరమైతే పిలవొచ్చని చీఫ్‌కి అధికారం ఇచ్చారు, అధికారం ఇవ్వడం వేరు, పిలవడం వేరు. మొత్తం 32 ఇన్‌ఫంట్రీ బెటాలియన్లుంటే 14 వరకు తీసుకోవచ్చన్నారు. 2028 ఫిబ్రవరి దాకా వర్తించే ఉత్తర్వు ఇది, రేపే బయల్దేరమని కాదు.

అమ్మ అంతా విని అడిగింది: "ఆ పద్నాలుగులో మీది ఉందా?"

నేను "అది చెప్పకూడదమ్మా" అన్నాను.

రూలు ప్రకారం సరైన జవాబే. ఫౌజీల ఇంట్లో ఆ ప్రశ్నే రాదు. ఒకవేళ వచ్చినా, "చెప్పకూడదు" అన్నదాన్ని "చెప్పకూడదు" అనే అర్థం చేసుకుంటారు. మా అమ్మకి అది "ఉంది" అని వినిపించింది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తర్వాత రెండు గంటలు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఆవిడ వచ్చి, "మీరు తొమ్మిదేళ్లుగా చేస్తున్నారు, ఇలాంటి రోజొస్తే ఏం చెప్పాలో ఒక్కసారైనా అనుకున్నామా మనం?" అంది. అనుకోలేదు. తొమ్మిదేళ్లలో నేను ఇంటికి యూనిఫాం ఫొటోలూ క్యాంటీన్ సామానూ తెచ్చాను. అంతకుముందు యూనిట్ నుంచి ఉత్తరం వస్తే దాని మీదున్న అడ్రసు చూసి అమ్మ "ఈ 56 ఏపీఓ ఏ జిల్లాలో ఉందిరా?" అని అడిగింది. నేను నవ్వాను, ఊరి పేరు బయటపడకుండా అలా రాస్తారని పైపైన చెప్పాను. అదే రోజు కూర్చోబెట్టి మొత్తం చెప్పి ఉండాల్సింది.

ఆ వారం ఒక నోటుబుక్కు కొన్నాం. అందులో ఏముందో చెబుతాను, మీరు మొదటి రోజే రాసుకోండి. నా పర్సనల్ నంబరు (ఆర్మీ ఇచ్చిన సర్వీసు నంబరు), యూనిట్ చిరునామా, యూనిట్ ఆఫీసు పనులు చూసే అడ్జుటెంట్ ఫోను. నేను మూడు రోజులు ఫోన్ చేయకపోతే అర్థమేంటి (ఏమీ లేదు, సిగ్నల్ లేదని), పది రోజులైతే ఎవరికి ఫోన్ చేయాలి. వార్తల్లో మా యూనిట్ లాంటి పేరొస్తే ఎవరికి చేయకూడదు. నేను "చెప్పలేను" అంటే దాని అర్థం "చెప్పలేను" అని మాత్రమే. ఈ ఒక్క వాక్యం అమ్మే రాయించింది, పెద్దక్షరాలతో. ఇన్సూరెన్స్ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి, నామినీ ఎవరు. ఇది రాస్తున్నప్పుడు మా ఆవిడ పెన్ను ఆపింది, కానీ రాసింది.

ఇంకో ముఖ్యమైన కాగితం పార్ట్ టూ ఆర్డర్. పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్‌కి తెలియజేసి అందులో ప్రచురించేలా చూసుకోవాలి. అది లేకపోతే రికార్డుల్లో మీకు భార్యా పిల్లా లేనట్టే. మా అబ్బాయి పుట్టిన ఏడాదిన్నరకి గానీ నేనా పని చేయలేదు. చేయాలని చెప్పేవాళ్లు ఇంట్లో లేరు, అడగాలని నాకు తోచలేదు. మీరు చేరిన మొదటి క్యాంపులోనే పెళ్లి సర్టిఫికెట్టు, పాప బర్త్ సర్టిఫికెట్టు జిరాక్సులు పట్టుకెళ్లండి. వాటిలో పేర్ల స్పెల్లింగులు ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మన ఇంటిపేర్లు ముందో వెనకో అన్నది అక్కడి క్లర్కుకి పెద్ద తలనొప్పి.

మీ అమ్మగారు వద్దంటున్నది దేనికో కనుక్కున్నారా? మా అమ్మ చెప్పిన కారణం ప్రాణభయం. అసలు కారణం వేరే. నేను లేనప్పుడు నాన్నకి గుండెల్లో నొప్పొస్తే కారు ఎవరు తీస్తారు అన్నది ఆవిడ బాధ. ప్రాణభయానికి నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉండదు. కారుకి ఉంది. మా బావమరిది ఫోన్ నంబరు, మా వీధి చివర ట్యాక్సీ అతని నంబరు ఆ నోటుబుక్కులోకి ఎక్కాయి. అమ్మ ఇప్పటికీ సంతోషంగా ఏమీ లేదు. కానీ 2025లో నాలుగు రోజులకని వచ్చి రెండో రోజే వెళ్లిపోయింది, కొట్లో నాన్న ఒక్కడే ఉన్నాడని.

మీకు వీలైతే సికింద్రాబాద్‌లో టీఏ బెటాలియన్ ఉంది, 125 గార్డ్స్. ఊరికే లోపలికి వెళ్లలేరు గానీ, జంటనగరాల్లో రిటైరైన జేసీఓలకి కొదవ లేదు. తిరుమలగిరి, సైనిక్‌పురి వైపు ఎవర్ని అడిగినా దొరుకుతారు. అలాంటి ఒకాయన్ని భార్యతో సహా ఒక ఆదివారం మీ ఇంటికి భోజనానికి పిలవండి. ఆయనతో మీరు మాట్లాడండి. ఆవిణ్ణి మాత్రం మీ అమ్మగారి దగ్గర, మీ ఆవిడ దగ్గర వదిలేసి మీరు ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి. నేను చేయని పని ఇదే.

ఈ వారానికి రెండు పనులు చేయండి. హెచ్‌ఆర్‌కి ఆ మెయిల్ పెట్టండి. రేపు పొద్దున్నే గచ్చిబౌలి స్టేడియం దగ్గర 2.4 కిలోమీటర్లు పరిగెత్తి టైమ్ చూసుకోండి, ఎంతొచ్చినా దాచకుండా ఇక్కడ రాయండి. నాది మొదటిసారి 14 నిమిషాలు పైనే, చివర్లో నడిచాను కూడా. మోకాళ్ల నొప్పులొస్తే షూస్ మార్చేముందు ఒకసారి అడగండి, అందులో నేను చాలా డబ్బులు తగలేశాను.